తలుపు రెండుసార్లు పలకాలి

అతను రాసిన పుస్తకాలు లక్షల ఇళ్ళలో ఉన్నాయి. చదివినవాళ్ళను చూపించమంటే మాత్రం ఒక్కరినే చూపించగలడు. మిక్సీతోనో ఫ్రిజ్‌తోనో పాటు అట్టపెట్టెలో వచ్చే వాడకం పుస్తకం రాయడం అతని ఉద్యోగం. జనం పెట్టె విప్పి ముందు వస్తువును తీస్తారు, తరవాత థర్మోకోల్ ముక్కలు తీస్తారు, ఆ తరవాత పుస్తకాన్ని ఏ సొరుగులోనో పడేసి జన్మలో దాని జోలికి పోరు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. తనంతటి అజ్ఞాత రచయిత ఇంకొకడు ఉండడని నలుగురిలో చెప్పుకునేవాడు, ఎవరూ నవ్వకపోతే తానే నవ్వుకునేవాడు.

ప్రతి పుస్తకమూ ‘జాగ్రత్త’ అనే మాటతోనే మొదలుపెడతాడు కాబట్టి ఆఫీసులో అందరికీ అతను జాగ్రత్తగారు. ఇంజనీర్లు బొమ్మలు గీసి, పక్కన నాలుగు ముక్కలు గిలికి పంపితే, వాటిని మనుషుల భాషలోకి తేవాలి. అర్థమైనంతవరకూ బాగానే తెచ్చేవాడు. అర్థం కానిచోట ‘సర్వీసు వారిని సంప్రదించండి’ అని రాసేవాడు. అడగవలసిన ఇంజనీరు సెలవులో ఉన్నా అదే రాసేవాడు, భోజనం వేళ దగ్గరపడినా అదే రాసేవాడు. ఆ వాక్యం ఇంతవరకూ ఎవరికీ హాని చేయలేదని అతని నమ్మకం.

అలాంటి మనిషి ఇంట్లో ఒక సోమవారం మైక్రోవేవ్ ఓవెన్ పాడైంది.

పదకొండేళ్ళ కిందటి ఓవెన్ అది. తయారుచేసింది అతని కంపెనీయే, దాని పుస్తకం రాసింది అతనే. దీపం వెలుగుతోంది, లోపల గాజు పళ్ళెం తిరుగుతోంది, టైము అయిపోగానే గంట కూడా మోగుతోంది. పెట్టిన పాలు మాత్రం పెట్టినంత చల్లగా బయటికి వస్తున్నాయి. చేసే హడావుడి అంతా చేసి అసలు పని చేయకపోవడంలో అది తన యజమానిని పోలిందని అతనికే అనిపించింది.

వేరే ఇంట్లో అయితే ఇది పెద్ద విషయం కాదు. ఈ ఇంట్లో అత్తగారు ఉన్నారు. ఆమెకు చూపు పోయి ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట గ్యాసు పొయ్యి దగ్గర ఒంటిమీది బట్ట అంచుకు నిప్పంటుకుంటే, ఇక పొయ్యి వెలిగించనని కూతురికి మాట ఇచ్చింది. కూతురు ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో ఉద్యోగానికి, అల్లుడు ‘జాగ్రత్త’లు రాయడానికి పొద్దున్నే వెళ్ళిపోతారు. సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఆమె చేతికింద ఉన్న వేడి ఆ ఓవెన్ ఒక్కటే. దానికి రెండు నాబ్‌లు. పైది వేడికి, కిందిది టైముకి. కింది నాబ్ చిటికెడు తిప్పితే గ్లాసు పాలు, ఇంకాస్త తిప్పితే పళ్ళెం అన్నం. తిప్పడం, గంట మోగేదాకా గట్టుకు ఆనుకుని నిలబడడం, తీసుకుని తినడం. ఎవరినీ అడగక్కర్లేదు.

సోమవారం సాయంత్రం అతను ఇంట్లో అడుగుపెట్టగానే ఆమె చెప్పింది.

“బాబూ, పొద్దున్నుంచీ దాని తలుపు సరిగ్గా పలకడం లేదు.”

“తలుపు బాగానే పడుతోందత్తయ్యా. ఇది తలుపు సమస్య కాదు, వేడి సమస్య. రెండూ వేరు,” అన్నాడు.

నిజంగానే వేరు. అతని పుస్తకంలో తలుపు పదకొండో పేజీలో ఉంది, వేడి ముప్పై రెండో పేజీలో ఉంది. సొరుగంతా తిరగేసి పుస్తకం పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, తన రచనను తానే మొదటిసారి అవసరపడి చదివాడు. వేడెక్కకపోతే: సర్వీసు వారిని సంప్రదించండి. పళ్ళెం తిరగకపోతే: సర్వీసు వారిని సంప్రదించండి. మాడు వాసన వస్తే: వెంటనే సర్వీసు వారిని సంప్రదించండి. ఆ పేజీ మొత్తంలో అతని సొంత కల్పన అంటూ ఉంటే అది ‘వెంటనే’ అన్న మాట ఒక్కటే.

“వీధి చివర మెకానిక్ ఉన్నాడు కదండీ, పిలవకపోయారా,” అంది భార్య.

పిలిచేవాడే. కానీ నాలుగో పేజీలో, లావుపాటి అక్షరాల్లో, ‘అనుమతి లేనివారి చేత మరమ్మతు చేయించరాదు’ అని ఉంది. రాసినవాడే దాటితే ఇక ఆ మాటకు విలువేమిటి అనుకున్నాడు. మంగళవారం పుస్తకం వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. అటువైపు అమ్మాయి మోడల్ నంబరు అడిగి, చాలాసేపు ఏదో వెతికి, ఆ మోడల్‌కు ఇప్పుడు సర్వీసు లేదంది.

“మరి నేనేం చెయ్యాలమ్మా?”

“మీ దగ్గర వాడకం పుస్తకం ఉంటే ముప్పై రెండో పేజీ చూడండి సార్. అందులో వివరంగా రాసి ఉంటుంది.”

తాను తవ్విన గోతిలో తానే పడడం అంటే ఏమిటో అతనికి ఆ పూట వివరంగానే తెలిసింది.

బుధవారం బావమరిది ఫోన్ చేశాడు. విషయం విన్నాడు. చెడ్డవాడు కాదు, తల్లంటే ప్రాణం. “వారంగా అమ్మ చల్లటి తిండి తింటోందా? ఆదివారం వచ్చి తీసుకెళ్ళిపోతాను. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఇక అక్కడే ఉంటుంది,” అన్నాడు. సోమవారం నుంచి బుధవారానికి వారం కాదు అని ఇతను అనబోయి, అది అతి తెలివి అవుతుందని ఊరుకున్నాడు.

అత్తగారు కాదనలేదు. అంతకుముందు ఏడు ఆమె కొడుకు ఇంట్లో ఒక నెల ఉండి వచ్చింది. అప్పుడెలా ఉందని అడిగితే, “బంగారంలా చూసుకున్నారు బాబూ. తీసి పెట్టెలో పెట్టారు,” అని నవ్వింది. మంచినీళ్ళకు లేచినా ముగ్గురు పరుగెత్తుకొచ్చి కూర్చోబెట్టేవాళ్ళట. నెల తిరిగేసరికి మోకాళ్ళు పట్టేశాయి. ఇప్పుడు మాత్రం, “నా మూలాన మీకెందుకు ఇబ్బంది,” అని తన బట్టలు తానే తడుముకుంటూ సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది.

అల్లుడికి ఆ సంచి చూడబుద్ధి కాలేదు. అతని జోకులకు ఆ ఇంట్లో నవ్వేది ఆమె ఒక్కతే. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. కొత్త పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు ఆమె అతని చేత మొదటినుంచి చివరిదాకా చదివించుకునేది. మొదట్లో అల్లుడి మీద మర్యాదకు విన్నా, పోనుపోను నిజంగానే వినేది, మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేది. అతనికి ఉన్న ఆ ఒక్క పాఠకురాలు చూపులేని మనిషి. ఆమె వెళ్ళిపోతే తను ఎవరి కోసం రాస్తున్నట్టు?

గురువారం ఆమెను వెంటబెట్టుకుని కొత్త ఓవెన్ కొందామని దుకాణానికి వెళ్ళాడు. వరసగా పెట్టిన పద్నాలుగు ఓవెన్ల ముందు ఆమె చెయ్యి పెట్టి తడిమింది. అన్నీ నున్నటి గాజు పలకలే. నాబ్‌లవి ఇప్పుడు తెప్పించడం లేదన్నాడు అమ్మేవాడు. కావాలంటే బటన్ల మీద చేతికి తగిలేలా చుక్కల స్టిక్కర్లు అంటించుకోవచ్చని ఒకదానికి అంటించి చూపించాడు కూడా. ఆమె వేలు చుక్కను వెతుక్కుంటూ వెళ్ళే దారిలో ఉన్న మూడు బటన్లూ నొక్కుకుపోయాయి. ఓవెన్ మూడుసార్లు కూసి, ఖాళీ కడుపుతో అరగంట తిరగడానికి సిద్ధపడింది.

“పోదాం పదండి,” అంది ఆమె మెల్లగా. “ఇది తాకనివ్వదు, తాకితే ఊరుకోదు.”

శనివారం మధ్యాహ్నం అతను స్క్రూడ్రైవర్ పట్టుకున్నాడు. భార్య గుమ్మంలో నిలబడింది.

“ఏవండీ, మూత తీయకూడదని రాసింది మీరే కదా.”

“అది జనానికి.”

“మరి మనమెవరం?”

అతను ప్లగ్గు పీకేశాడు. ప్లగ్గు పీకినా లోపల ఒక డబ్బాలో కరెంటు నిలవ ఉంటుందనీ, అది ప్రాణాల మీదికి తెస్తుందనీ అతనికి తెలుసు, ఎందుకంటే నాలుగో పేజీలో ఆ మాటా అతనే రాశాడు. కొరివితో తల గోక్కోవడం ఇదేనని తెలిసీ మొదటి స్క్రూ తీశాడు. రెండోది తీశాడు. మూడోది తీసేసరికి అది వేళ్ళ సందులోంచి జారి కిందపడి ఎక్కడికో దొర్లిపోయింది. నాలుగోదానికి మామూలు గాడి లేదు, తలలో నక్షత్రం ఆకారం ఉంది. అతని దగ్గరున్న ఏ స్క్రూడ్రైవరూ దానికి పట్టలేదు. “అబ్బ, ఈ నాలుగోది రావడం లేదే,” అని పైకి విసుక్కున్నాడు గానీ, లోలోపల ఆ స్క్రూకి దండం పెట్టుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత తన కోసమే పుట్టిందని కూడా అనుకున్నాడు.

దొర్లిపోయిన స్క్రూ అత్తగారి పాదానికి తగిలింది. ఆమె వంగి తీసి, గోడ పట్టుకుని నడిచి వచ్చి, అతని చేతిలో పెట్టింది. సంచి అప్పటికే గుమ్మం పక్కకు చేరింది.

“వెళ్ళేముందు ఒక్క మాట బాబూ. ఆ తలుపు ఒకసారి వెయ్యండి.”

వేశాడు. టక్‌మంది.

“ఇంకోసారి.”

టక్.

“ఒకటే పలుకుతోంది. రెండు పలకాలి. ముందు పైన ఒకటి, ఆ వెంటనే కింద ఇంకొకటి, కాస్త సన్నగా. ఆదివారం దాకా రెండూ పలికాయి. సోమవారం చెప్పాను కదా మీకు.”

చెప్పింది. అతను పెడచెవిన పెట్టాడు. టార్చి తెచ్చి తలుపు అంచు చూశాడు. పైన ఒక కొక్కెం, కింద ఒక కొక్కెం. కింది కొక్కెం ముక్కు విరిగిపోయి మొండిగా ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఐదు రోజులు తిరిగాడు.

సిగ్గుపడడం అక్కడితో అయిపోలేదు. నేలమీద చతికిలబడి ఆ కొక్కెం వంక చూస్తుంటే ఒక కాగితం గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కిందట, ఎప్పుడూ పెన్సిలుతోనే రాసే ముసలి ఇంజనీరు ఒకాయన ఈ ఓవెన్ బొమ్మ పక్కన రాసి పంపాడు: తలుపు వేసినప్పుడు రెండు చప్పుళ్ళు వినాలి. ఒకటే వినిపిస్తే వేడి రాదు, కింది కొక్కెం చూడాలి. ‘పుస్తకంలో చప్పుళ్ళేమిటి, నవ్విపోతారు’ అని ఆ రెండు వాక్యాలూ కొట్టేసింది తనే. వాటి బదులు ఏం రాశాడో చెప్పనక్కర్లేదు.

“అత్తయ్యా, ఇది నేను చేసిన తప్పు,” అన్నాడు. కొట్టేసిన వాక్యాల సంగతి దాచకుండా చెప్పాడు. ఆమె అంతా విని, “అయితే ఆ పెద్దాయనకూ నాకూ చెవులు ఉన్నాయన్నమాట,” అంది. ఈసారి ఆమె జోకుకు అతను నవ్వలేకపోయాడు.

ఆదివారం పొద్దున్నే నాలుగో పేజీని పక్కన పెట్టి వీధి చివరి మెకానిక్ దగ్గరికి పరుగెత్తాడు. ఆ దుకాణం నిండా చచ్చిపోయిన ఓవెన్లే. అదే మోడల్‌ది ఒకటి అడుగున దొరికింది. మెకానిక్ దాని తలుపు నుంచి కొక్కెం ఊడదీసి, ఇంటికి వచ్చి, వంటింటి గట్టు మీదే తలుపు లోపలి చట్రం విప్పి బిగించాడు. మూత స్క్రూలు కూడా బిగించాడు. ఒక గ్లాసు నీళ్ళు పెట్టి ఓవెన్ తిప్పి, వేడి కిరణాలు బయటికి కారడం లేదు కదా అని తలుపు చుట్టూ చిన్న మీటరు పెట్టి చూశాడు. నీళ్ళు పొగలు కక్కాయి.

“కొక్కెం అని మీరు చెప్పబట్టి సరిపోయింది సార్. లేకపోతే నేనూ వెనకాల విప్పి ఒక పూట తన్నుకునేవాణ్ణి,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. గట్టు మీదున్న పుస్తకం చూసి మొహం విప్పారింది. “ఈ పుస్తకం రాసినాయన ఎవరో గానీ కనిపిస్తే కాళ్ళకు దండం పెడతాను. ప్రతిదానికీ సర్వీసు వాళ్ళని పిలవండి, పిలవండి అని రాశాడు. వాళ్ళు రారు, జనం నా దగ్గరికొస్తారు. ఇన్నేళ్ళూ నా ఇల్లు ఆయన దయవల్లే నడిచింది.”

అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. కుర్చీలోంచి అత్తగారు అంది:

“అయితే వంగు నాయనా. ఆ కాళ్ళు నీ ఎదురుగానే ఉన్నాయి.”

మెకానిక్ వెళ్ళాక అతను పెన్ను తీసి, ముప్పై రెండో పేజీలో ‘వేడెక్కకపోతే’ పక్కనున్న వాక్యాన్ని కొట్టేశాడు. దాని పైన, ఇరుకు జాగాలో, పెన్సిలు ఇంజనీరు రాసిన రెండు వాక్యాలూ గుర్తున్నంతవరకూ తిరిగి రాశాడు. రేపు ఆఫీసులో చేతిలో ఉన్న కొత్త పుస్తకాన్ని మొదటినుంచి చదవాలి, ఎన్నిచోట్ల తప్పించుకున్నాడో లెక్కపెట్టాలి.

బావమరిది పదకొండు గంటలకు వచ్చాడు. గుమ్మం పక్కన సంచి అలాగే ఉంది. “వెళ్దామా అమ్మా?” అన్నాడు కూర్చోకుండానే.

“ఎండన పడి వచ్చావు. కూర్చో, పాలు తాగుదువు గాని,” అని ఆమె లేచింది.

బావమరిది చటుక్కున ముందుకు వచ్చాడు. “నువ్వు కూర్చో అమ్మా, నేను...” అనేలోపు ఇతను అతని చెయ్యి పట్టుకున్నాడు. జన్మలో బావమరిదికి ఎదురుచెప్పి ఎరగడు. ఇప్పుడు మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.

ఆమె గోడ వెంట నడిచి వంటింట్లోకి వెళ్ళింది. గ్లాసు తీసిన చప్పుడైంది. పాలు పోసిన చప్పుడైంది. ఆమె అంచులో వేలు ముంచి చూసుకుంటుందని అతనికి తెలుసు. తలుపు వేసింది. పైన ఒకటి పలికింది. కింద, కాస్త సన్నగా, రెండోది పలికింది. అప్పుడు అతను బావమరిది చెయ్యి వదిలాడు.

గంట మోగాక ఆమె గ్లాసు చుట్టూ గుడ్డ చుట్టి తెచ్చి, కొడుకు గొంతు వినిపించిన వైపు చాపింది. అతను అందుకున్నాడు. తల్లి చేత్తో ఇచ్చిన వేడి పాలు తాగి ఎన్నేళ్ళయిందో ఏమో, రెండు గుక్కలు తాగి, కుర్చీలో కూర్చుని మిగతావి అడుగంటా తాగాడు. కాసేపటికి లేచి, గుమ్మం పక్కనున్న సంచి తీసుకుని, ఆమె గదిలో మంచం మీద పెట్టి వచ్చాడు.

“వస్తానమ్మా,” అన్నాడు.

“మంచిది నాయనా. ఆ గ్లాసు అక్కడే ఉంచు, నేను కడుక్కుంటాను.”