పదకొండో ఆటగాడు మా నాయన

ఆ రోజుల్లో మా యానాదుల కాలనీకి మనుషులు లేని కొరత కాదు, అందరూ ఒక్కచోట ఉండని కొరత. ఉండేదే కొద్ది గడపలు. వేసవి వస్తే సగం మంది మామిడితోపుల కాపలాకు, కొందరు ఇటుక బట్టీలకు, ఇంకొందరు పులికాట్ వైపు బంధువులతో రొయ్యల వేటకు పోయేవారు. మిగిలేది ముసలివాళ్లు, కోళ్లు, ఇంటర్ తప్పి (ఒక్క సబ్జెక్టే లెండి) ఖాళీగా తిరిగే నేను. అలాంటి చోట క్రికెట్ జట్టు కట్టాలని నాకు బుద్ధి పుట్టింది. చేలల్లో ఎలుకలు పట్టడం మా నాయన పని. అందుకని వడమాలపేటలో మమ్మల్ని అందరూ 'ఎలుకలోళ్లు' అనేవారు. ఒక్క మ్యాచ్ గెలిస్తే ఆ పేరు చెరిగిపోయి, మైకులో మా జట్టు పేరు 'టైగర్స్' అని మోగుతుందని నా ఆశ.

తోపుల వెంట తిరిగి, బతిమాలి, నాతో కలిపి పదిమందిని పోగుచేశాను. పదకొండోవాడు దొరకలేదు. ఆఖరికి నాయననే పట్టుకున్నాను.

"ఆ ఆట నాకేం తెల్సురా?" అన్నాడు.

"ఊరికే గట్టుకాడ నిలబడు నాయనా. బంతి వస్తే పట్టుకో, సాలు."

"పరిగెత్తేదాన్ని పట్టుకునేదే గదా! వస్తా పద."

ఆట వడమాలపేట జట్టుతో, వరి కోసిన కయ్యలో (కయ్య అంటే మా వైపు మడి). ఎలా జరిగిందో గానీ గెలుపు మా గుమ్మం దాకా వచ్చింది. ఆఖరి ఓవర్లో వాళ్లకింకా బోలెడు పరుగులు కావాలి. అప్పుడు వాళ్ల కెప్టెన్, ఎరువుల కొట్టాయన కొడుకు, కొట్టిన బంతి నాయన పక్కగా దొర్లి గట్టులోని బొరియలోకి దూరింది (గట్టు దాటితేనే ఫోరు). "నాయనా, తీసి విసురు!" అని అరిచాను. నాయన చెయ్యి పెట్టలేదు, వంగి వాసన చూశాడు.

"అరవబాకరా! పందికొక్కు లోపలే ఉండాది. రేయ్, అవతల బొక్కలు మూయండి!"

అంతే. బంతి పోయిందని అంపైరుకు చెబితే పరుగులు ఆగిపోయేవి, ఆ ఆలోచన ఒక్కడికీ రాలేదు. వికెట్ కీపర్ గ్లవ్స్ విసిరేసి ఒక బొరియ ముందు కూర్చున్నాడు. బౌలర్ మట్టిపెళ్లతో ఇంకోటి మూశాడు. పొద్దున్నుంచి నేను ఎక్కడ నిలబెట్టినా నిలబడనివాళ్లు ఎవరి చోట వాళ్లు కుదురుగా నిలబడ్డారు. (కెప్టెన్నైన నేను స్టంపు పీకి పట్టుకుని ఉన్నాను.) నాయన గడ్డి అంటించి పొగ ఊదుతున్నాడు. అవతల పేట జట్టు బ్యాట్స్‌మెన్ ఇద్దరూ పరుగులు తీస్తూనే ఉన్నారు. గెలిచేదాకా తీసి, రొప్పుకుంటూ వచ్చి మా వెనక నిలబడి, "దొరికిందా అప్పా?" అని అడిగారు.

దొరికింది. దాని వెనకే బంతీ వచ్చింది. "మ్యాచ్ గెలిచినోళ్లు పేట జట్టు! పందికొక్కును గెలిచినోళ్లు ఎలుకలోళ్లు!" అని మైకు మోగింది. జనం పగలబడి నవ్వారు. నాకు ఆ బొరియలోనే దూరిపోవాలనిపించింది. నాయన మాత్రం పందికొక్కును తోక పట్టి కప్పులా పైకెత్తి, "సూడరా, మైకులో మన పేరు ఎంత బాగా సెప్పినాడో!" అని మురిసిపోయాడు.

ఇప్పుడు నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఆఫీసు జట్టుకు ఆడుతున్నాను. నాయన పోయి చాలా కాలమైంది. మైదానంలోకి దిగగానే అందరూ పిచ్ చూస్తారు, నేను గట్లు చూస్తాను. ఆ రోజు సిగ్గుతో చితికిపోయిన కుర్రాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. తర్వాత చాలా మ్యాచ్‌లు గెలిచాను గానీ, నాయన నిలబెట్టిన చోట నిలబడి ఓడినంత బాగా ఒక్కటీ గెలవలేదు.