విడిగా ఉంచిన వరుస

అంజలిది గాంధారి ఊరి దగ్గర తండా. భర్త ప్రేమ్‌సింగ్ కిందటేడు చెరకు కోతలకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు ట్రాక్టర్ బోల్తాపడి చనిపోయాడు. డిగ్రీ చదివింది కనుక, దినాలు అయ్యాక కామారెడ్డిలో ఒక సర్వే ఆఫీసువాళ్లు ఆమెను కంప్యూటర్ పనికి తీసుకున్నారు. ఎక్కడ ఏడుస్తుందోనని మొదట్లో అందరూ ఆచితూచి మాట్లాడేవారు. ఆమె ఏడవలేదు. పొద్దున బస్సెక్కి వచ్చేది, చెప్పిన పని చేసేది, మళ్లీ బస్సెక్కి పోయేది.

అప్పుడు నడుస్తున్న సర్వే వలస ఇండ్లలోని ఆడవాళ్ల గురించి. వారంలో ఎన్ని రాత్రులు కంటినిండా నిద్రపోయారని అందులో ఒక ప్రశ్న. భర్త ఇంట్లో ఉన్నవాళ్లు, వలస పోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అని విడదీసి, ఒక్కో గుంపు సగటును పట్టికలో భద్రపరచాలి. ఆ రోజు మధ్యాహ్నం ఎల్లారెడ్డిలో ఆఫీసు పెద్దలతో మీటింగ్. సూపర్‌వైజర్ భీమేష్ ఫైలు తెరిచి కంగారుపడ్డాడు.

"ఏందమ్మా ఇది? ఒక్క గుంపే ఉన్నది. తక్కినవేవి?"

అంజలి చూసింది. కొత్త గుంపు లెక్క తేలిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ పాతదాన్ని చెరిపేసి అక్కడే రాసింది. చివరిది మాత్రం మిగిలింది.

"ఒక్కోదానికి ఒక్కో వరుస ఇయ్యలే అన్నా. ఇప్పుడే చేస్త."

కమాండ్లు మార్చి మళ్లీ నడిపింది. వరుసలు నిండాయి. భర్త చనిపోయినవాళ్ల సగటు అన్నిటికన్నా తక్కువ వచ్చింది. మిగతా అంకెలను చూసినట్టే దాన్నీ చూసింది.

భీమేష్ తెర మీదికి వంగి ఆ వరుస మీద వేలు పెట్టాడు. "గీ ఇండ్లు మరీ తక్కువున్నయి, సగటు నమ్మేటట్టు లేదు. వలస పోయినోళ్లల్ల కలిపెయ్. రెండిట్ల మొగడు ఇంట్ల లేనట్టే గదా."

అంజలి చేతులు ఆగాయి.

"వలస పోయినోడు ఫోన్ జేస్తడన్నా."

గొంతులో కోపం లేదు, బాధా లేదు. తాను ఎవరితో మాట్లాడుతున్నాడో భీమేష్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

"విడిగనే ఉంచు. ఇండ్లు తక్కువున్నయని కింద రాయి," అన్నాడు మెల్లగా.

ఎల్లారెడ్డిలో పట్టికను తెర మీద చూపించారు. ఆ వరుస గురించి ఎవరూ అడగలేదు. భీమేషే లేచి, అలాంటి ఇండ్లు ఇంకా తిరగాలన్నాడు. పెద్దలు సరేనన్నారు. పెద్దకొడప్‌గల్ వైపు ఎవరు పోతారంటే, "నేను పోత," అన్నది అంజలి.

తర్వాత భోజనాలు పెట్టారు. పప్పులో ఉప్పు లేదని పక్కనామె విసుక్కుంది. అంజలి అప్పటికే సగం తినేసింది. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని చూసింది. ఉప్పు ఉందో లేదో ఏమీ తెలియలేదు. తక్కినది కూడా తిని, చెయ్యి కడుక్కోవడానికి లేచింది.