తీగల మధ్య తుంగ

గార్డెన్ రీచ్‌లో మా గుమ్మానికీ మురుగుకాలువకీ మధ్య బారెడు నేల ఉంది. ఓడలు కట్టే యార్డులో వెల్డింగ్ పని నుంచి రిటైరయ్యాక మా ఆయన అక్కడ పసుపు పూలు పూసే తీగ నాటారు. అది నేలంతా కమ్ముకుంటే గడ్డి రాదని నర్సరీవాడు చెప్పాడు. గడ్డికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. తీగల కింద నుంచి తుంగ పొడుచుకొచ్చింది. కొడవలి వేస్తే తీగ కూడా తెగుతుంది. ఎడమ చేత్తో తీగ ఎత్తి, కుడి చేత్తో తుంగని మొదట్లో పట్టుకుని, లోపలి గడ్డతో సహా లాగాలి. పైపైన తెంపితే మళ్లీ లేస్తుంది.

పోయిన చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే కోలుకుంది. కుడి చెయ్యి మొండికేసింది. అన్నం నేనే కలిపి పెట్టేదాన్ని. తింటున్నంతసేపూ ఆయన నా మొహం చూసేవారు కాదు. వేళ్లకి బలం వస్తేనే మళ్లీ తన చేత్తో తినగలరు. పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని ఎడమ చేత్తో కాలువలోకి విసిరేశారు.

"నానేటి సంటోడినా?"

మర్నాటి నుంచి తీగల దగ్గర పీట వేసుకుని కూర్చునేవారు. కుడి చేత్తో ఎంత లాగినా తుంగ పైపైనే తెగి వచ్చేది. ఆయన గడ్డినీ, నన్నూ కలిపి తిట్టేవారు. "దాదా, గడ్డిమందు కొట్టొచ్చుగా" అన్న పక్కింటి బెంగాలీ పెద్దాయనకీ తిట్లు తప్పలేదు. నాకు చూడబుద్ధి కాలేదు. ఒక మధ్యాహ్నం ఆయన పడుకున్నాక ఇనప చువ్వతో మెట్ల పక్క మట్టిని గుల్ల చేసి, నీళ్లు చల్లి వచ్చాను.

మర్నాడు పప్పుకి పోపు వేస్తుంటే ఆయన పిలిచారు. కుడి అరచేతిలో తుంగ మొక్క, దాని కింద నల్లటి గడ్డ.

"అబ్బ! గడ్డతో సహా ఊడొచ్చిందే!" అన్నాను. కాస్త ఎక్కువగానే మురిసినట్టున్నాను.

"నాటకాలాడకే. నువ్వు గుల్ల సేసిన కాడిది కాదిది. గోడ కాడిది."

వెళ్లి చూశాను. గోడ పక్క గట్టి మట్టిలో చిన్న గుంట ఉంది. మెట్ల పక్క, నేను తడిపిన చోట, ఆయన ఒక్క తుంగని కూడా ముట్టుకోలేదు, అంతా అలాగే నిలబడి ఉంది. లోపల పోపు మాడిపోతున్నా అక్కడే కూర్చుని ఏడ్చాను.