పక్క ఫొటో జవాబు

సీనియర్ ప్రోగ్రామర్ రోజూ తన పనికన్నా ముందు కొత్తమ్మాయి ఫైలు తెరుస్తాడు. సామాన్ల ఫొటోలు వందలుగా ఏఐ యంత్రానికి పంపితే, ఏది కుర్చీయో ఏది బల్లో అది చెప్పే జవాబులను ఆమె జేసన్ అనే డేటా ఫైలులో ముచ్చటగా పేరుస్తుంది. మేనేజర్ ఆమెను మెచ్చుకున్నప్పుడల్లా ఈ సీనియర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు.

ఆ రోజు ఆయనకి తప్పు దొరికింది. ఆమె జవాబుల పక్కన ఫొటో పేరు పెట్టలేదు, వరసనే నమ్ముకుంది. మసక ఫొటో ఒకటి యంత్రం వదిలేయడంతో, అక్కణ్ణుంచి ప్రతి జవాబూ పక్క ఫొటోకి అంటుకుంది. ఫైలు మంచాన్ని ఫ్యానంటోంది. మధ్యాహ్నానికి అది కంపెనీ దాటి క్లయింటుకి వెళ్లాలి. "అన్నా, ఒకసారి చూశారా?" అని ఆమె అడిగితే "చూద్దాంలేమ్మా" అన్నాడు. మేనేజర్ ఆమె కుర్చీ వెనక్కి వచ్చేదాకా ఆగి, అప్పుడు గొంతు పెంచి తప్పు చెప్పాడు.

"అందుకే అన్నా, పంపేముందు మీకు చూపించింది" అందామె తేలిగ్గా.

మేనేజర్ తలూపాడు. "అదీ జాగ్రత్తంటే" అన్నాడు, ఆమెతోనే.