ఖాళీ కుర్చీకి పోసిన టీ

ఇన్నేళ్లలో ఎన్నో లెక్కలు తేల్చాను గానీ, ఒక మనిషి మాత్రం నాకు తేలలేదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నంద్యాల పత్తి మిల్లులో జీతాలు పంచిన గుమాస్తా ఆయన. మా ఆళ్లగడ్డవాడే. టీ రాగానే ముందుగా కొంత సాసరులో పోసి, ఎదుటి ఖాళీ కుర్చీ వైపు జరిపేవాడు. మిగిలింది తాను తాగేవాడు.

“మన గుమాస్తా దయ్యానికి గూడా పన్ను కడతాండాడు” అని హమాలీలు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

నేను చదువుకుంటూ అక్కడ ఒక పూట పని చేసేవాణ్ణి. మొదటి జీతంలోనే కోత కనిపించింది.

“ఇదేందన్నా? నేను పరీక్ష ఫీజు కట్టాల.”

“మునిసిపాలిటీ వృత్తి పన్నప్పా. ముందే పట్టుకుంటాం. ఆర్నెల్లకు లెక్క చూస్తాం. నీ సంపాదన హద్దు దాటకుంటే నీది నీకొస్తాది.”

“అందాకా ఎవరికాడ ఉంటాది?”

ఆయన సాసరు వైపు చూశాడు. “పట్టుకున్నోళ్లు మరిచిపోరులే.”

ఆర్నెల్లు నిండకముందే ఆయన జ్వరంతో చనిపోయాడు. తర్వాత ఆర్నెల్లూ నిండాయి, ఫీజు గడువు దగ్గరపడింది. ఇక నా డబ్బు రాదనుకుంటూనే మిల్లుకు వెళ్లాను. ఆ ఉదయమే నందికొట్కూరు నుంచి వచ్చి చేరిన, పాతాయన్ని ఎన్నడూ చూడని కొత్త గుమాస్తా లెక్క చూసి, కోసినదంతా తిరిగి ఇచ్చాడు. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. అణాతో సహా సరిపోయింది.

అంతలో టీ వచ్చింది. అతను నాతో మాట్లాడుతూనే కొంత సాసరులో పోసి, ఖాళీ కుర్చీ వైపు జరిపాడు.

“అది ఎవరికన్నా?” అన్నాను.

అతను తన చేతి వంక చూసుకున్నాడు.

“ఏమోనప్పా. చెయ్యే అట్లా పోయింది.”