సత్తయ్య ముట్టుకోని ఇంజన్

మా కోరుట్ల సత్తయ్యకు ఒకటే పిచ్చి. నడుస్తున్న ఏ ఇంజన్‌నూ ఉన్నదున్నట్టు నడవనివ్వడు. పెట్రోలు తగ్గిస్తాడు. ఇంకా తగ్గిస్తాడు. బండి దగ్గి, వణికి, ప్రాణం పోయేలా అయ్యాక ఇసుమంత పెంచి, "గదీ లెక్క!" అంటాడు.

గల్ఫ్‌లో చిన్న విమానాలు నడపడం నేర్పే క్లబ్బులో పద్నాలుగేళ్లు మెకానిక్‌గా చేసి వచ్చాడు. పైకి పోయినకొద్దీ గాలి పలచబడుతుందట. పెట్రోలు మాత్రం నేల మీద ఇచ్చినంతే ఇస్తే ప్లగ్గులకు మసి పడుతుందట. అందుకని పైలట్ ముందున్న, పెట్రోలు తగ్గించే ఎర్ర నాబును మెల్లగా వెనక్కి లాగాలి, ఇంజన్ గరగరమనగానే కాస్త లోపలికి నెట్టాలి. ఇదంతా విమానం సంగతి. కోరుట్లలో విమానాలు లేవు కాబట్టి మా మోపెడ్ల మీద పడ్డాడు.

"శ్యాం, నీ ప్లగ్గు నల్లగున్నది. బండి తాగుడు ఎక్కువైంది."

"పెండ్లికి పోవాలె సత్తన్నా!"

"రెండు నిమిషాలు, గంతే."

నేను జగిత్యాల చేరేసరికి అప్పగింతలు అవుతున్నాయి.

ఇంట్లోనూ అదే వరస. పప్పులో కారం రోజుకో చిటికెడు తగ్గించమనేవాడు. "సప్పగైనంక జరంత పెంచాలె," అని భార్య లింగవ్వకు పాఠం చెప్పేవాడు.

"నువ్వు ఇంట్ల ఉండుడే ఎక్కువైంది. ముందు గది తగ్గించు," అనేది ఆమె.

పోయిన నెల మాత్రం హద్దు దాటాడు. రోజూ నా మోపెడ్ తీసుకుపోవడం, తోలకుండా తన షెడ్డులో నిలబెట్టి దగ్గించడం. సారంగాపూర్ రైతులు పొలానికి మందు కొట్టే పెట్రోలు పంపులనూ వదల్లేదు. ఒకనాడు తగాదాకే పోయాను. చూస్తే, ఇంజన్ పక్కన ఫోన్ పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

"ఇను బిడ్డా. గిది దగ్గుడు. భయపడకు. గిప్పుడు ఆగబోతది... జర పెంచిన. అందుకున్నది, ఇన్నవా?"

అవతల అతని తమ్ముని కూతురు మనీషా. ఎక్కడో పైలట్ శిక్షణలో ఉంది. ఇంజన్ ఆకాశంలోనే ఆగిపోతుందేమోనని ఎర్ర నాబు మీద చెయ్యి వేయగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయట. రెండుసార్లు పరీక్ష తప్పింది. శుక్రవారం మూడోది. అదీ పోతే ఇంటికే.

"చదువంత వచ్చు శ్యాం. శెవికే భయం. గందుకే దినాం పది బండ్లు ఇనిపిస్తున్న."

నా కోపం ఎటు పోయిందో! "పది ఏం సరిపోతయే? మా బామ్మర్ది బండి గూడ తెస్త!" అన్నాను.

ఆ వారం కోరుట్లలో ఒక్క మోపెడ్ కుదురుగా నడవలేదు. సిరిసిల్ల నుంచి చుట్టపు చూపుగా వచ్చినవాళ్ల బండ్లను కూడా పట్టుకొచ్చాం.

శుక్రవారం పొద్దున షెడ్డులో ఇరవై మందిమి. అందరి కళ్లూ సత్తయ్య ఫోన్ మీదే. పదకొండింటికి ఫోన్ మోగింది.

"పెదబాపూ, పాసైన! సారే రికార్డ్ చేసిండు, పంపుతున్న, ఇను!"

సత్తయ్య రికార్డు పెట్టాడు. విమానం హోరు. కొంచెం సన్నబడింది. ఇంకా సన్నబడింది. గరగర మొదలైంది. లింగవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఒక్క క్షణం... ఇంజన్ మళ్లీ నున్నగా అందుకుంది. షెడ్డు దద్దరిల్లేలా అరిచాం.

"ఎట్లున్నది సత్తన్నా? ఇంకింత తగ్గించాల్నా?" అని ఉడికించాను.

సత్తయ్య ఫోన్‌ను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఎవ్వలు ముట్టుకోకుండ్రి," అన్నాడు. "గట్లనే పోనియ్యుండ్రి."