హంతకుడికి హెల్మెట్

నేను ఫిల్మ్‌నగర్‌లో అసిస్టెంట్ డైరెక్టరుగా తిరిగిన కాలంలో సినిమా హంతకులకు బొత్తిగా జాగ్రత్త ఉండేది కాదు. ఇరవై హత్యలు చేసి ఒక్కసారి కూడా దొరకనివాడని పరిచయం చేసేవాళ్ళం. వాడేమో పట్టపగలు, నిండు బజారులో, ఎర్రకోటు తొడుక్కుని ఈల వేసుకుంటూ వచ్చేవాడు. తుపాకి ఎక్కుపెట్టాక కాల్చకుండా ఉపన్యాసం ఇచ్చేవాడు. (మా ఊళ్ళో కోళ్ళు ఎత్తుకుపోయేవాడు కూడా ఇంతకంటే ఒద్దికగా మసలేవాడు.) చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. ఊరుకోవలసింది.

జూబ్లీ హిల్స్‌లోని మా ఆఫీసులో కథాచర్చలప్పుడు డైరెక్టరుగారు సీను చెప్పడం, చుట్టూ కూర్చున్న ఆరుగురం "అదిరింది సార్" అనడం పద్ధతి. నేను మాత్రం "అదిరింది సార్, కానీ..." అనేవాణ్ణి. మా సినిమాలో హంతకుడు హీరో అన్నగారిని చంపడానికి బైకు మీద వస్తాడు. మొహం అంత బాగా కనబడేలా వస్తే సాయంత్రానికల్లా పోలీసులు పట్టుకోరా అని అడిగాను. ఆయన నావైపు చూడనైనా చూడకుండా, "వీణ్ణి ఎవరైనా పోలీసు ఉద్యోగంలో చేర్పించండయ్యా" అన్నారు. అందరూ నవ్వారు. అందరికంటే ఆలస్యంగా నవ్వు ఆపింది కో-డైరెక్టరు. అది నేను మరిచిపోలేదు. ఆ తర్వాత మూడు నెలలపాటు కూర్చున్న ప్రతిసారీ అదే ప్రశ్న వేశాను. నా దగ్గరికి టీ రావడం మానేసింది. అయినా వేశాను.

ఇంతలో ఆ హంతకుడి వేషం, కృష్ణానగర్‌లో నాతోపాటు ఒకే గదిలో ఉండే ఫైటరన్నకు వచ్చింది. పదకొండేళ్ళుగా హీరోల బదులు మేడల మీంచి దూకుతున్న మనిషి. తెరమీద ఎప్పుడూ అతని వీపే తప్ప మొహం కనబడలేదు. ఈసారి తెర నిండా మొహం పడుతుందని డైరెక్టరుగారే మాట ఇచ్చారు. సినిమా విడుదలకు జనగామ నుంచి రమ్మని వాళ్ళమ్మకు కబురు చేశాడు. హంతకుడు మొహం దాచుకోవాలని వాదిస్తున్నదీ నేనే, ఆ మొహం ఎవరిదో తెలిసినదీ నేనే. రెండూ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

షూటింగునాటి ఉదయం, అన్న కొత్తగా గడ్డం గీయించుకుని నిలబడి ఉండగా, డైరెక్టరుగారు అప్పుడే తట్టినట్టు, "అసలైన కిల్లర్ మొహం చూపిస్తాడా? హెల్మెట్ పెట్టండి" అన్నారు. "అదిరింది సార్" అన్నారందరూ. నా ఆలోచనను నా ఎదుటే కాజేశారని నేను ఉడికిపోతున్నాను. అన్న హెల్మెట్ తగిలించుకున్నాడు.

సాయంత్రం గదికి వచ్చి చొక్కా విప్పుతూ, "గా డైరెక్టర్‌కు ఆఖరికి ఏం బుట్టిందో తమ్మీ. నిన్నటిదాంక మొహం జూపిస్త అన్నడు" అన్నాడు. అక్కడ ఊ కొట్టి ఊరుకుంటే సరిపోయేది. ఆ ఘనత ఆయన ఖాతాలో పడటం నేను భరించలేకపోయాను.

"ఆయనకేం పుట్టింది అన్నా! అది నా ఐడియా. మూడు నెలల్నుంచి మొత్తుకుంటున్నా."

అన్న చొక్కాను తీగమీద ఆరేసి, మడతలు సరిచేసి అన్నాడు: "మంచిగనే జెప్పినవ్. పని తెల్సినోడైతే గట్లనే వస్తడు." ఆ తర్వాత గుమ్మంలోకి వెళ్ళి అమ్మకు ఫోన్ చేశాడు. "ఇప్పుడే రాకమ్మా. సినిమా జర లేటైతదట."

సినిమా ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. హంతకుణ్ణి నమ్మేలా చూపించారని డైరెక్టరుగారిని అందరూ మెచ్చుకున్నారు. అన్న మళ్ళీ మేడలమీంచి దూకడానికే వెళ్ళిపోయాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే నేనూ నాలుగు అని, ఆ కోపం పట్టుకుని హాయిగా ఉండేవాణ్ణి.

ఇప్పుడు టీవీలో ఎవడో హంతకుడు మొహం దాచుకోకుండా నడిచి వస్తుంటే, "వీడికి బుద్ధుందా? అందరూ చూస్తున్నారుగా" అంటుంది మా ఆవిడ. పోయినవారం కూడా అంది.

"చూడనీవే," అన్నాను. "వాళ్ళమ్మ కూడా చూస్తూ ఉంటుంది."